రాతిచర్చికి నేను మూయించిన సందులు

ఆ చర్చి పేరు రాయను. ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళుగా నిలబడి ఉంది, ఇక ముందూ ఉంటుంది. దాన్ని నేను కళ్ళారా చూడలేదు. చూడకుండానే చెడగొట్టాను. సింగపూర్లో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద దాని నమూనా కడుతుంటే నేను పక్కన కూర్చుని తప్పు చెప్పాను. అంతవరకే అయితే ఇదంతా రాయనక్కర్లేదు. ఆ నమూనా మీద ఒక ఆడపిల్ల ఉద్యోగం ఆధారపడి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను.

నన్ను ఎరిగినవాళ్ళు కోపిష్టి అంటారు. నిజమే. డిగ్రీ కాగితం పట్టుకుని వచ్చి, గోడ ఎలా నిలబడుతుందో తెలియకుండా గోడ గురించి నాకు పాఠం చెప్పినవాళ్ళ మీద జన్మంతా కోపంగానే ఉన్నాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. అయితే ఆ చర్చి విషయంలో దాన్ని ఎవరి మీద చూపించాలో వెతుక్కోనక్కర్లేదు.

ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. మా నాన్న గుంటూరు జిల్లాలో రాతిపని మేస్త్రీ. నా మొదటి పని మా పక్క ఊళ్ళో దొరలు కట్టించిన పాత చర్చి గోడ మరమ్మతుకి సున్నం కలపడం. మేం చర్చికి వెళ్ళే కుటుంబం కాదు. కానీ నడి వేసవిలో ఆ గోడకి వీపు ఆనిస్తే చల్లగా ఉండేది. రాయికీ రాయికీ మధ్య గోరు కూడా దిగేది కాదు. ఆ చల్లదనం నా వీపుకి ఇప్పటికీ గుర్తే.

డెబ్బైల్లో సింగపూర్ వచ్చి గవర్నమెంటు ఫ్లాట్లు కట్టే సైట్లలో తాపీ పని చేశాను. తర్వాత సూపర్‌వైజర్‌నయ్యాను. బెడోక్‌లో స్థిరపడ్డాం. ఇంగ్లీషు అక్కడి లైబ్రరీలో నేర్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే వెళ్ళి డిక్షనరీ పక్కన పెట్టుకుని పాత కట్టడాల పుస్తకాలు చదివేవాణ్ణి. ఒక పేజీకి ఒక పూట పట్టిన రోజులున్నాయి. రోమనెస్క్ అనే మాట అలాగే నేర్చుకున్నాను. పాత రోమన్ల పద్ధతిని గుర్తుకు తెచ్చే కట్టుబడి అని అర్థం. గుండ్రటి కమాను, ఏనుగులాంటి గోడ, పిడికెడు కిటికీ. పాత చర్చి ఏది కనబడినా గోథిక్ అనేసే పెద్ద చదువుల వాళ్ళని ఎంతమందిని చూశానో. మొన తేలిన కమానుకీ గుండ్రటి కమానుకీ తేడా తెలియకుండా వాళ్ళకి పట్టాలు ఎవరిచ్చారో నాకు అర్థం కాదు.

వాటిల్లో కొన్ని చర్చిలు కోటలు కూడా. దేవుడికి కట్టుకున్నారు, తర్వాత దొంగల భయంతో దాన్నే కోటగా మార్చుకున్నారు. ఇవంటే నాకు మరీ ఇష్టం. పాత క్యాలెండర్ కాగితాల వెనక వాటి బొమ్మలు వేసుకునేవాణ్ణి. వేసిన బొమ్మ ఎవరికీ చూపించే అలవాటు లేదు. ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఒకసారి చూసి, "ఏం అంకుల్, మతం మార్చుకుంటున్నారా," అని నవ్వారు.

ఇంకొక్క సంగతి చెబితే గానీ నా తప్పు ఎక్కడ పుట్టిందో తెలియదు. రిటైరయ్యే ముందు తంజోంగ్ పగార్‌లో పాత చైనీయుల దుకాణపు ఇళ్ళు బాగుచేసే పనిలో ఉన్నాను. కొత్తగా వేసిన కప్పుకీ పాత గోడకీ మధ్య వేలెడు సందు వదలమని అక్కడి ఆర్కిటెక్టు గీసిచ్చాడు. వదలొద్దు, నీళ్ళు దిగుతాయి అన్నాను. వినలేదు. ఈ దేశంలో వాన ఎలా కురుస్తుందో అందరికీ తెలుసు. మొదటి వానకే గోడ లోపలంతా తడిసి సున్నం పెళ్ళలు రాలాయి. మేస్త్రీ చెప్పింది నిజమని ఎవరూ అనలేదు. సరిచేసిన డ్రాయింగ్ మీద గీసినవారి పేరు ఉంది, చెక్ చేసినవారి పేరు ఉంది, నా పేరు లేదు. నలభై ఏళ్ళలో ఏ డ్రాయింగ్ మీదా నా పేరు లేదు. ఆ రోజు నుంచి సందు కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండేది.

అవి వై టూ కే రోజులు. సాయంత్రం బెడోక్ స్టేషన్ దగ్గర నిలబడితే ప్రతి రైల్లోంచీ మెడలో కార్డు వేలాడేసుకున్న మన పిల్లలు దిగేవారు. మా అంతస్తులో మూడు తలుపుల అవతల ఒక హైదరాబాద్ ముస్లిం కుటుంబం ఉండేది. వాళ్ళ బంధువుల అమ్మాయి ఆ ఏడాదే వచ్చి వాళ్ళింట్లో దిగింది. ఆర్కిటెక్చర్ చదివింది, సైన్స్ పార్క్‌లో ఉద్యోగం. ఒకనాడు నేను వరండాలో మడతకుర్చీ వేసుకుని బొమ్మ వేస్తుంటే లిఫ్ట్ దిగి వస్తూ ఆగింది. కాసేపు చూసి, "అంకుల్, ఈ కప్పు బ్యారెల్ వాల్ట్ కదా," అంది.

ఇరవై ఏళ్ళలో నా బొమ్మ చూసి సరైన మాట అన్న మొదటి మనిషి ఆ పిల్ల. మొదటి రోజే ఇంట్లోకి పిలిచి నా నోటుపుస్తకాలన్నీ చూపించాను. మా ఆవిడ టీ పెట్టి, "పాపం ఆ పిల్లని వదలండి, ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు," అని విసుక్కుంది.

ఆమె పనిచేసే కంపెనీ పాత కట్టడాలను కంప్యూటర్లో తిరిగి కట్టి సీడీల్లో పెడుతుంది. మౌస్ కదిపితే లోపల నడిచినట్టే ఉంటుంది. ఫ్రాన్సులోని ఆ చర్చి వాళ్ళు తమ కోటచర్చిని అలా కట్టిమ్మని అడిగారట. అది పూర్తిగా ఆమె ఒక్కదాని చేతికి వచ్చిన మొదటి పని. "ఇది పాసైతే కన్ఫర్మ్ చేస్తారు అంకుల్. కాకుంటే వర్క్ పాస్ రెన్యూ చెయ్యరు, వాపస్ పోవుడే. ఒక్క ఏడాది చూస్తానని మా అబ్బాని ఒప్పించి వచ్చిన," అంది. వాళ్ళ నాన్నగారు ఇరిగేషన్‌లో ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారట. పని చెడగొట్టుకుని వచ్చేవాళ్ళంటే ఆయనకి పడదని కూడా చెప్పింది, నవ్వుతూనే.

నా సంగతి ఆమె మేనేజరుకి చెప్పినట్టుంది. ఆయన ఇక్కడి చైనీయుడు, నలభై లోపు వయసు, చేతిలో ఎప్పుడూ కాఫీ. గోడలు తెలిసిన ముసలాయన ఉన్నాడంటే రమ్మనమన్నాడు. ఉద్యోగమేమీ కాదు. వారానికి రెండు రోజులు రైలెక్కి, బస్సు మారి సైన్స్ పార్క్‌కి వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చునేవాణ్ణి. ఇస్త్రీ చొక్కా వేసుకునేవాణ్ణి. ఆ రెండు రోజుల కోసం మిగతా ఐదు రోజులూ బతికానంటే అతిశయోక్తి కాదు.

అక్కడివాళ్ళు పంపిన కొలతలు, ఫోటోలు, పాత రాతల నకళ్ళు ముందేసుకుని చర్చిని పునాది నుంచి కట్టుకుంటూ వచ్చాం. మొదట అది సన్యాసులు కట్టుకున్న మామూలు చర్చి. పక్కన స్తంభాల వరసలు లేవు, ఒకటే పొడుగాటి గది, దాని మీద సొరంగంలా వంగిన రాతికప్పు, అదే బ్యారెల్ వాల్ట్. తూర్పు కొసన అర్ధచంద్రంలా గోడ. గోడల మందం నిలువెత్తు మనిషి పడుకుంటే సరిపోయేంత. అంత బరువు రాతికప్పు గోడల్ని బయటికి తోస్తుంది కాబట్టి వాటికి బయటినుంచి ఊతగోడలు. కిటికీలు బయట నుంచి చూస్తే చీలికలే, లోపలికి వచ్చేసరికి వెడల్పవుతాయి. వెలుగు వస్తుంది, బాణం రాదు.

నూరేళ్ళ తర్వాత సముద్రం మీద దొంగలు ఎక్కువయ్యారు. పడవల్లో వచ్చి ఊరు దోచి మనుషుల్ని పట్టుకుపోయేవారట. ఊరి చుట్టూ గోడ కట్టే స్తోమతు లేదు. ఊళ్ళో ఉన్న గట్టి కట్టడం చర్చి ఒక్కటే. దాన్నే పైకి లేపారు. ఆ అతుకు ఫోటోల్లో నాకు చూడగానే దొరికింది. కింద చిన్న రాళ్ళు, నున్నగా చెక్కినవి, తీరిక ఉన్నవాడి పని. పైన పెద్ద రాళ్ళు, తొందరలో ఉన్నవాడి పని. ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తే ఆ పిల్ల కుర్చీలోంచి లేచి, "సుభానల్లా, నేను వందసార్లు చూసినా కనిపించలే," అంది. అర్ధచంద్రం గోడ మీద కాపలావాళ్ళకి గది కట్టారు. గోడ మందంలోనే సన్నటి మెలికల మెట్లు పెట్టారు. ప్రార్థన చేసే గది మధ్యలో బావి తవ్వారు. ఊరంతా లోపలికి వచ్చి తలుపులు బిగించుకుంటే ఎన్నాళ్ళుండాలో తెలియదు కదా. ఆ బావి ఒరకి తాడు ఒరిపిడికి పడ్డ గాళ్ళు కూడా పెట్టించాను. పెట్టమని చెప్పింది నేనే. అది సరిగానే చెప్పాను. ఇప్పుడు దాన్ని చెప్పుకుని ఏం లాభం.

పని సగానికి వచ్చాక ఆమె నా కోసమే డ్రాయింగ్ ఒకే ఒక్క ప్రింటు తీసి నా ముందు పెట్టింది. కింది మూలన గళ్ళల్లో గీసినవారు అన్న చోట తన పేరు, చెక్ చేసినవారు అన్న చోట నా పేరు. ఆ కాగితం ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఇంతకాలానికి," అంది.

అదే కాగితాన్ని మళ్ళీ ఆఫీసుకి తీసుకెళ్ళి, దాని మీదే నేను తప్పు చేశాను.

చర్చి పైకప్పు అంచున ఊతగోడల్ని ఒకదానికొకటి కలుపుతూ కమానులున్నాయి. అవి గోడకి ఆనుకుని లేవు, కాస్త ముందుకి జరిగి ఉన్నాయి. గోడ నెత్తిన మనుషులు నడిచే దారి ఉంది. కమానుల నెత్తిన పిట్టగోడ ఉంది. ఆ దారికీ పిట్టగోడకీ మధ్య, ప్రతి కమాను దగ్గరా, మూరెడు సందు. పైనుంచి చూస్తే అందులోంచి నేల కనబడుతుంది. మొత్తం పద్నాలుగు సందులు. కొలతల కాగితంలో స్పష్టంగా ఉంది. ఫోటోలు కిందినుంచి తీసినవి కాబట్టి అక్కడంతా నల్లటి నీడ.

చూడగానే నాకు తంజోంగ్ పగార్ గోడ గుర్తుకొచ్చింది. గోడకీ ముందు కట్టినదానికీ మధ్య మూరెడు ఖాళీ వదిలితే వాన నీళ్ళు గోడమ్మటే దిగి పునాది దాకా పోతాయి. ఏ మేస్త్రీ అలా కట్టడు. కొలతలు తీసినవాడెవడో పొరబడ్డాడు, అక్కడ పలకరాయి పరిచి ఉంటుంది, దాన్ని గీయడం మరిచాడు అన్నాను. ఎర్ర పెన్సిల్ తీసి పద్నాలుగు చోట్లా మూయమని గీతలు కొట్టాను.

ఆ పిల్ల వెంటనే ఒప్పుకోలేదు. ప్రింటుని అటూ ఇటూ తిప్పి, "అంకుల్, గోల్కొండలో దర్వాజా మీద కంతలుంటయి. కిందికొచ్చిన దుశ్మన్ మీద మసిలే నూనె పోసేటోళ్ళట. ఇవి గూడ అట్లనేమో," అంది.

అప్పుడు నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "గైడ్లు చెప్పే కథలు పట్టుకుని గోడలు కడతావా అమ్మాయ్. నేను నలభై ఏళ్ళు గోడ కట్టాను, నువ్వు మౌస్ పట్టుకున్నావు. దేవుడి ఇల్లు కట్టినవాడు నెత్తిన కంత పెట్టడు."

ఆమె ముఖం చిన్నబోయింది. ఫ్రాన్సు వాళ్ళకి ఒక ఈ-మెయిల్ పెట్టి అడుగుదామా అంది. నీకు నా మీద నమ్మకం లేకపోతే అడుగు అన్నాను. అడగలేదు. పద్నాలుగు సందులూ మూసేసింది. ఇన్నాళ్ళూ ఎవరైతే నన్ను వినలేదని మండిపడ్డానో, నేను సరిగ్గా ఆ ఆర్కిటెక్టులాగే ప్రవర్తించాను. అంతకన్నా హీనంగా. అతను కనీసం తనకంటే చిన్నవాళ్ళ నోరు మూయించలేదు.

పని పూర్తయింది. సీడీలు అచ్చుకి వెళ్ళి వచ్చేశాయి. అప్పుడు ఆ చర్చి కమిటీ తరఫున ఒకావిడ ఏదో ప్రయాణంలో భాగంగా సింగపూర్ వచ్చి, చూస్తానంది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆ ఊళ్ళోనే పుట్టి, అక్కడే బడిపంతులమ్మగా చేసిందట. మేనేజరు నన్నూ రమ్మన్నాడు. నేను నా పేరున్న ఆ ప్రింటుని గుడ్డసంచీలో పెట్టుకుని వెళ్ళాను. సందర్భం వస్తే చూపించుకుందామని. నిజంగా అందుకే తీసుకెళ్ళాను.

ఆవిడ మౌస్ పట్టుకుని తలుపులోంచి లోపలికి నడిచింది. బావి దగ్గర ఆగింది. తాడు గాళ్ళు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల నావైపు చూసి నవ్వింది. ఆవిడ మెలికల మెట్లెక్కి పైకి వెళ్ళింది, గోడ నెత్తిన దారి మీద నాలుగు అడుగులు వేసింది, కిందికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, నిదానపు ఇంగ్లీషులో, మరి రాళ్ళు ఎక్కడినుంచి పడతాయి అని అడిగింది.

ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడే వివరించింది. చిన్నప్పుడు వాళ్ళు ఆ సందుల్లోంచి గులకరాళ్ళు వదిలి, కింద చప్పుడు వినేవారట. ఆ రోజుల్లో దొంగలు గోడ మొదట్లోకి వచ్చేస్తే పైనుంచి విల్లు వంచి కొట్టడం కుదరదు. తల బయట పెడితే వీళ్ళే చస్తారు. అందుకని కమానుల్ని ముందుకి జరిపి కట్టి, ఆ సందుల్లోంచి రాళ్ళు, మసిలే నీళ్ళు వదిలేవారు. దాన్ని కోట చేసింది ఆ సందులే. అవి మూసేస్తే అది ఎత్తైన గోడలున్న మామూలు చర్చి. ఆవిడ కోపంగా చెప్పలేదు. తన ఇంటికి వచ్చిన చుట్టానికి ఇల్లు చూపించినట్టే చెప్పింది. అచ్చయిన సీడీలు మాత్రం తీసుకోలేనంది.

మేనేజరు కాఫీ కప్పు కింద పెట్టాడు. ఇవి ఎవరు మూయమన్నారు అని ఆ పిల్లని అడిగాడు. ఆమె నావైపు చూసింది. ఆయనా చూశాడు. "అంకుల్, యూ చెక్ దిస్ వన్, ఆర్ నాట్?"

సంచీ నా ఒళ్ళోనే ఉంది. కాగితం అంచు చేతికి తగులుతోంది. ఒక్క మాట చాలు. నేనే, నా ఎర్ర పెన్సిల్, ఆ పిల్ల వద్దనే అంది. కానీ ఆ ఫ్రెంచావిడ ముందు, ఆ డిగ్రీవాళ్ళ ముందు, ఆరో తరగతివాడు తప్పు చేశాడనిపించుకోవడమా అనిపించింది. అనిపించింది ఒక్క క్షణమే. ఆ క్షణంలో నా నోరు, లోపలి భాగం మాత్రమే చూశాను, బావీ మెట్లూ, పైభాగం నేను చూడలేదు అని చెప్పేసింది. మంచి ఇంగ్లీషులో చెప్పాను. లైబ్రరీలో నేర్చుకున్న ఇంగ్లీషు.

ఆ పిల్ల ఇంకా నావైపే చూస్తోంది. నేను మాట మార్చుకోవడానికి ఆమె ఇచ్చిన గడువు అదేనని తర్వాత అర్థమైంది. నేను బల్ల చెక్క మీది గీతలు చూస్తున్నాను. అప్పుడు ఆమె మేనేజరుతో, "మూయాలని నేనే అనుకున్నాను, సారీ," అంది.

ఇద్దరం ఒకే బస్టాపులో నిలబడ్డాం. నేను ఏదో మొదలుపెట్టబోయాను. "అంకుల్, మీ బస్సొచ్చింది," అంది. ఆ బస్సే ఆమెది కూడా. ఎక్కలేదు.

మళ్ళీ ఆఫీసుకి వెళ్ళలేదు. వరండాలో కుర్చీ వేయడం మానేశాను. ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తే వంటగదిలోకి వెళ్ళేవాణ్ణి. ఆరేడు రోజులు గడిచాక మా ఆవిడ మార్కెట్టుకి వెళ్తూ ఆ గుడ్డసంచీ దులిపింది. కాగితం పడింది. విప్పి, ఎర్ర గీతలు ఒకటొకటే లెక్కపెడుతున్నట్టు చూసింది.

"ఇవి మీ గీతలే కదా."

అవునన్నాను.

"ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది."

తెలుసన్నాను.

"తెలిసి కూర్చున్నారా," అంది. అరవలేదు. కాగితం నా పక్కన పెట్టి మార్కెట్టుకి వెళ్ళిపోయింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఎన్నో అంది. అలాంటి గొంతుతో ఎప్పుడూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే సైన్స్ పార్క్‌కి వెళ్ళి ఆ కాగితం మేనేజరు బల్ల మీద పరిచాను. జరిగినదంతా చెప్పాను. ఇప్పుడెందుకు అంకుల్ అన్నాడు. ఆ రోజే చెప్పి ఉంటే, ఇద్దరూ కలిసి పొరబడ్డారు, బయటి సలహా తప్పైంది అని పైవాళ్ళకి సర్దిచెప్పుకునేవాడట. అప్పటికే ఆమె ఒక్కదాని నిర్లక్ష్యమని రాసి పంపేశాడు, పాస్ రద్దు చేయమని కాగితం కూడా వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఇంకో మాట అన్నాడు. నాకు డిగ్రీ లేదని ఆయనకి మొదటినుంచీ తెలుసట. తెలిసే పిలిచాడట. నేను దేన్ని దాచుకోవడానికి అబద్ధమాడానో దాన్ని అక్కడ ఎవరూ తప్పుగా అనుకోలేదు.

వెళ్ళే ముందు రోజు ఆమె, చూసి ఇస్తానని ఎప్పుడో తీసుకెళ్ళిన నా నోటుపుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది. మేనేజరు దగ్గరికి వెళ్ళానని చెప్పాను. తెలుసంది. క్షమించమని అడిగాను. ఆమె నోటుపుస్తకం నా చేతిలో పెట్టి, "గోల్కొండ చూసిండ్రా అంకుల్ మీరు," అని అడిగింది. చూడలేదన్నాను. తెలుగు దేశంలో పుట్టి, ఫ్రాన్సు చర్చిల లెక్కలన్నీ కంఠతా పట్టి, గోల్కొండ చూడలేదు. "చూడండి ఒకసారి," అంది. అడ్రసు అడిగితే రాసిచ్చింది. ఎందుకని అడగలేదు.

మరుసటి ఏడాది బంధువుల పెళ్ళికని ఇండియా వెళ్ళి హైదరాబాద్‌లో దిగాను. పొద్దున్నే గోల్కొండ వెళ్ళాను. దర్వాజా కింద నిలబడి తలెత్తాను. ఉంది. ముందుకి పొడుచుకొచ్చిన రాతికట్టు, దాని అడుగున కంత, కంతలోంచి కనబడుతున్న ఆకాశం ముక్క. నా పక్కనే ఒక గైడు ఎవరికో అదే నూనె కథ చెబుతున్నాడు. విన్నాను.

అక్కడినుంచి వాళ్ళింటికి దూరం లేదు. వాళ్ళ నాన్నగారు వరండాలో పేపరు చదువుకుంటున్నారు. బక్కపలచటి మనిషి, తెల్లటి గడ్డం. అమ్మాయి ఒక బిల్డరు దగ్గర అపార్ట్‌మెంటు ప్లాన్లు గీస్తోందట, సాయంత్రం గానీ రాదట. సింగపూర్లో పొరుగువాణ్ణని చెప్పగానే లోపలికి రమ్మని, మంచినీళ్ళిచ్చి, మా అమ్మాయి అక్కడ పని సరిగ్గా చెయ్యలేదు సాబ్, మీకు గూడ తకలీఫ్ ఇచ్చిందేమో అన్నారు.

ఆమె ఇంట్లో కూడా నా పేరు చెప్పలేదు.

సంచీలోంచి కాగితం తీసి ఆయన ముందు పరిచాను. ఓవర్సీరుగా చేసిన మనిషి, డ్రాయింగ్ చదవడం వచ్చు. సందులు చూశారు, ఎర్ర గీతలు చూశారు, మూలన గడిలో పేరు చూశారు. నా పేరు అడిగారు. చెప్పాను. గోల్కొండ మాటా, నేను ఆమె నోరు మూయించడమూ, బల్ల దగ్గర అబద్ధమూ, అన్నీ చెప్పాను.

"ఇంత దూరం మోస్కొచ్చిండ్రు దీన్ని," అన్నారు చివరికి. "ఆ దినం సంచీలకెళ్ళి టేబుల్ మీదికి జానెడు దూరం ఉండె గదా సాబ్."

కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టారు. అమ్మాయి వచ్చినంక మీరే ఇయ్యండి, నేను ఇయ్యను అన్నారు. మధ్యాహ్నం అన్నం పెట్టించారు. నా ఎదురుగా కూర్చుని తాను మాత్రం తినలేదు.

ఐదు దాటాక గేటు చప్పుడైంది. నన్ను చూసి ఆమె మెట్టు మీదే ఆగింది. సలాం చెప్పింది. నేను లేచి, ఆమె ఏమీ అడగకముందే కాగితం ఇచ్చాను. విప్పనవసరం లేకపోయింది, బయటికి కనబడుతున్న ఎర్ర గీత చూసే పోల్చుకుంది.

"అబ్బాకి చూపించిండ్రా?"

చూపించానన్నాను.

భుజాన బ్యాగు అలాగే ఉండగా మెట్టు మీద కూర్చుంది. వాళ్ళ నాన్నగారు లోపలినుంచి వచ్చి ఆమె వెనక నిలబడి, తల మీద చెయ్యి పెట్టారు. ఏడాదిగా ఆమె ఆ ఇంట్లో పని చెడగొట్టుకుని వచ్చిన కూతురుగా అన్నం తింటోందని నాకు అప్పుడు గానీ తట్టలేదు. ఉద్యోగం ఒక్కటే పోయిందనుకున్నాను.

నేను వెళ్ళొస్తానన్నాను. ఆమె తల ఊపింది, లేవలేదు. గేటు దాకా వచ్చింది ఆయన. ఆటో పిలిచి, నేను దిగాల్సిన చోటు డ్రైవరుకి తానే చెప్పి, ఆటో కదిలేదాకా ఆగకుండా వెనక్కి తిరిగి, కూతురు కూర్చున్న మెట్టు వైపు నడిచారు.